కుట్టి విసిగించే దోమ వేరు, జ్వరం తెచ్చే దోమ వేరు: కాలనీలో దోమల పని పట్టే పద్ధతి

సాయంత్రం ఆరయ్యేసరికి కిటికీలు మూసేసి, "ఫాగింగ్ బండి ఎప్పుడొస్తుందండీ?" అని కాలనీ వాట్సాప్ గ్రూపులో అడిగేవాళ్ళు హైదరాబాద్‌లో ఏ వీధికి వెళ్ళినా ఉంటారు. వాళ్ళ బాధ అబద్ధం కాదు. కాకపోతే సాయంత్రాలు గుయ్యిమని ముసిరే దోమకీ, ఆగస్టు సెప్టెంబరుల్లో డెంగీతో మనిషిని మంచాన పడేసే దోమకీ సంబంధం లేదు. మొదటిది నాలాలో పుడుతుంది. రెండోది చాలావరకు మన ఇంట్లోనో, పక్కింట్లోనో పుడుతుంది. ఫిర్యాదులన్నీ మొదటిదాని మీద వెళ్తాయి, ఆసుపత్రి ఖర్చంతా రెండోదాని వల్ల అవుతుంది. కాబట్టి మందు, మెష్, పొగ అంటూ డబ్బు తగలేసే ముందు ఎవరితో పోరాడుతున్నామో తెలుసుకోవాలి.

ముందు దోమను గుర్తుపట్టండి

రాత్రి చెవి దగ్గర పాడేది ఎక్కువగా క్యూలెక్స్. గోధుమ రంగు, మామూలు దోమ. మురుగునీరు దీనికి ఇష్టం: మూసీ ఒడ్డు, నాలాలు, గుర్రపుడెక్క కమ్మేసిన చెరువులు, మూత సరిగా లేని సెప్టిక్ ట్యాంకులు. హైదరాబాద్‌లో దీని బెడద చలికాలం చివర, అంటే జనవరి నుంచి మార్చి దాకా బాగా ఎక్కువ. బోదకాలు దీనివల్లే వస్తుంది. డెంగీ మాత్రం రాదు.

డెంగీ, చికున్‌గున్యా తెచ్చేది ఏడిస్. నల్లని ఒళ్ళు, కాళ్ళ మీద తెల్లని చారలు. చప్పుడు చేయదు. పగటిపూట, ముఖ్యంగా పొద్దున్నే, మళ్ళీ పొద్దుగూకే ముందు, మోకాళ్ళ కింద కుట్టి పోతుంది. మంచి నీళ్ళలో పెరుగుతుంది, సీసా మూతలో పట్టేన్ని నీళ్ళున్నా చాలు. పుట్టిన చోటి నుంచి సాధారణంగా 400 మీటర్లు దాటి ఎగరదు. మీ వీధిలో ఒకరికి డెంగీ వచ్చిందంటే ఆ దోమ మీ వీధిదే, నాలా మీదికి నెట్టడానికి వీల్లేదు.

మూడోది మలేరియా తెచ్చే అనాఫిలస్. గోడ మీద వాలినప్పుడు తల కిందికి, వెనకభాగం పైకి లేపి ఏటవాలుగా ఉంటుంది. నగరాల్లో మలేరియా తెచ్చే అనాఫిలస్ స్టీఫెన్సీకి మూతలేని ఓవర్‌హెడ్ ట్యాంకులు, బావులు, కట్టుబడి జరిగే చోట నిలిచిన నీళ్ళు కావాలి. మలేరియా క్రిమి దోమ కడుపులో పెరుగుతుందని రోనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న కనిపెట్టింది ఇక్కడే, సికింద్రాబాద్ పక్కన బేగంపేటలో. దానికే ఆయనకు 1902లో నోబెల్ వచ్చింది. ఏటా ఆగస్టు 20ని దోమల దినోత్సవంగా జరుపుతారు. ఆ రోజు ప్రసంగాలకు బదులు ట్యాంకు మూతలు సరిచూస్తే బాగుండునని నాకెప్పుడూ అనిపిస్తుంది.

వారానికోసారి ఇల్లంతా తిరగండి

మన ఎండలకు ఏడిస్ గుడ్డు నుంచి దోమ కావడానికి 7 నుంచి 10 రోజులు పడుతుంది. అందుకే ప్రభుత్వాలు శుక్రవారం డ్రై డే, అంటే నీళ్ళ పాత్రలన్నీ ఖాళీ చేసి ఆరబెట్టే రోజు అంటాయి. తెలంగాణలో 2020లో "ప్రతి ఆదివారం పది గంటలకు పది నిమిషాలు" అన్నారు. ఏ రోజైనా ఫరవాలేదు, రెండు తనిఖీల మధ్య ఏడు రోజులు దాటకూడదు. నెలకోసారి బ్రహ్మాండంగా కడిగే ఇంట్లో కూడా మధ్యలో రెండు మూడు విడతల దోమలు బయటికి పోతాయి.

చేతిలో టార్చి, తెల్లని కప్పు ఒకటి పట్టుకుని పైనుంచి కిందికి రండి.

డాబా మీద: వర్షపు నీళ్ళు పోయే తూము దగ్గర ఎండుటాకులు అడ్డుపడి మడుగు కట్టిందేమో చూడండి. టార్పాలిన్ ముడతలు, బోర్లించకుండా వదిలేసిన ప్లాస్టిక్ కుర్చీలు, పాత పెయింటు డబ్బాలు, పందిరికి వాడి మిగిలిన వెదురుబొంగుల చివరలు అన్నీ చూడాలి. కిటికీల పైన సజ్జల మీదికి ఎవరూ తొంగి చూడరు, పై అంతస్తు వాళ్ళు పారేసిన కప్పులూ కవర్లూ నీళ్ళతో నిండి ఉండేది అక్కడే.

బాల్కనీలో: కుండీల కింద పెట్టిన ప్లేట్లు, పిట్టలకు పెట్టే నీళ్ళగిన్నె, ఏసీ నీళ్ళు పట్టే బకెట్టు. పిట్టల గిన్నె తీసేయనక్కర్లేదు, రోజూ తోమి నీళ్ళు మారిస్తే చాలు. కుండీ ప్లేట్లలో ఇసుక నింపండి, నీరు నిలవదు, మొక్కకు తడీ అందుతుంది.

ఇంట్లో: సీసాలో పెంచే మనీప్లాంటు. ఎవరూ వాడని బాత్రూములో కమోడు, నేల జాలీ, వీటిలో వారానికోసారి నీళ్ళు వదలాలి. ఇక ఫ్రిజ్. వెనక్కి తిప్పి చూస్తే అడుగున, కంప్రెసర్ మీద ఒక ప్లాస్టిక్ ట్రే ఉంటుంది. ఫ్రిజ్‌లో కరిగిన మంచు నీరు అందులోకి చేరుతుంది. చీకటి, వెచ్చదనం, మంచి నీరు మూడూ ఒకే చోట దొరుకుతాయి. ప్లగ్ పీకేసి, ట్రే ఊడివస్తే తీసి కడగండి. ఊడని మోడలైతే పాత గుడ్డతో నీటిని పీల్చి, లోపలి అంచుల్ని గట్టిగా తుడవండి.

కూలరు సంగతి ఇంకోటి. ఎండలు తగ్గగానే దాన్ని అలాగే మూలకు నెట్టి దుప్పటి కప్పేస్తాం, అడుగున రెండంగుళాల నీళ్ళు ఉండనే ఉంటాయి. నీళ్ళు వంచేసి, తొట్టి తోమి, ఎండబెట్టి దాచాలి. పక్కల గడ్డి ప్యాడ్లకు కూడా గుడ్లు అంటుకుని ఉంటాయి. వాటిని పారేసి వచ్చే వేసవికి కొత్తవి కొనుక్కోవడమే మేలు.

పెరట్లో: పాత రోలు, కుడితి తొట్టి, కొబ్బరి చిప్పలు, టైర్లు. రోలును కదపలేం కాబట్టి మట్టితో నింపి ఒక మొక్క పెట్టేయండి.

డ్రమ్ములు, గోలాలు కడిగే తీరు

రోజు విడిచి రోజు నల్లా వచ్చే బస్తీలో నీళ్ళు నిలవ చేసుకోవద్దని చెప్పడం అన్యాయం. నిలవ చేసుకోండి, కానీ దోమకు అందకుండా. గట్టి మూత లేకపోతే పాత నూలు పంచె రెండు మడతలు వేసి డ్రమ్ము మూతికి కప్పి, సైకిల్ ట్యూబు ముక్కతో బిగించి కట్టండి. గుడ్డ మధ్యలో కిందికి జారి నీటికి తగలకూడదు. తడిసిన గుడ్డ మీద కూడా ఏడిస్ గుడ్లు పెడుతుంది.

వారానికోసారి డ్రమ్ము ఖాళీ చేయాలి. చాలామంది ఇక్కడే సగం పని చేసి ఆగిపోతారు. నీళ్ళు వంచేసి, మళ్ళీ పట్టేసుకుంటారు. ఏడిస్ గుడ్లు నీళ్ళలో ఉండవు, నీటి మట్టానికి కొంచెం పైన డ్రమ్ము గోడకు అంటుకుని ఉంటాయి. టార్చి వేసి చూస్తే మసి రేణువుల్లాంటి నల్లని చుక్కలు వరసగా కనబడతాయి. ఒక్కో ఆడదోమ ఒక విడతలో వంద దాకా పెడుతుంది. నీరు లేకపోయినా అవి నెలల తరబడి చావవు. మళ్ళీ తడి తగలగానే లార్వాలు, అంటే దోమ పిల్లపురుగులు బయటికొస్తాయి. జూన్‌లో తొలి వానలు పడ్డ రెండు వారాలకే ఎక్కడినుంచో ఊడిపడ్డట్టు దోమలు రావడానికి కారణం పోయిన ఏటి గుడ్లు.

కాబట్టి కొబ్బరి పీచో, గట్టి బ్రష్షో తీసుకుని సబ్బు పొడితో లోపలి గోడంతా, ముఖ్యంగా నీటి గీత పడ్డ చోట, అరచేయి వెడల్పున చుట్టూ తోమాలి. ఉత్తి నీళ్ళతో కడిగితే గుడ్లు ఊడవు. కడిగిన నీళ్ళు డ్రైనేజీలో పోయకండి, ఎండ పడే మట్టినేల మీద కుమ్మరించండి. లార్వా అక్కడ ఎండి చస్తుంది.

లార్వా ఉందో లేదో తెలుసుకోవడానికి ఓపిక కావాలి. మీ నీడ పడగానే అన్నీ మెలికలు తిరుగుతూ అడుక్కి పోతాయి. కదలకుండా రెండు నిమిషాలు నిలబడితే గాలి కోసం మళ్ళీ పైకొస్తాయి. అప్పుడు తెల్ల కప్పుతో ముంచి చూడండి. తలకిందులుగా వేలాడుతుంటే క్యూలెక్స్ గానీ ఏడిస్ గానీ. నీటి ఉపరితలానికి సమాంతరంగా పడుకుని ఉంటే అనాఫిలస్. కామా ఆకారంలో ముడుచుకున్న ప్యూపాలు (లార్వా తర్వాతి దశ) కనబడితే ఇక ఒకటి రెండు రోజుల్లో రెక్కలొస్తాయన్నమాట, వెంటనే పారబోయండి.

అపార్ట్‌మెంటులో ఎవరి పనీ కాని చోట్లు

ఫ్లాటు లోపల అందరూ శుభ్రంగానే ఉంటారు. గొడవంతా ఉమ్మడి స్థలాల్లోనే.

సంపు ఇనప మూత బాగానే ఉంటుంది, మోటారు పైపు దిగే రంధ్రం చుట్టూ రెండు వేళ్ళు పట్టే సందు ఉంటుంది. దాన్ని ఎంసీల్‌తో గానీ సిమెంటుతో గానీ పూడ్చండి. పైన ట్యాంకు ఓవర్‌ఫ్లో పైపు నోటికి నైలాన్ మెష్ చుట్టి వైరుతో కట్టండి. గాలివానకు ఎగిరిపోయిన ట్యాంకు మూతను నెలల తరబడి ఎవరూ తిరిగి పెట్టరు. ప్లంబరు పైకెక్కి దిగిన ప్రతిసారీ మూత పెట్టాడో లేదో ఒకరు వెళ్ళి చూడాలి. సెప్టిక్ ట్యాంకు గాలి గొట్టానికీ మెష్ కట్టాలి, దానిలోంచి వచ్చే క్యూలెక్స్ దోమల సంఖ్య చూస్తే ఆశ్చర్యపోతారు.

లిఫ్టు గుంత, సెల్లారు: వాన పడ్డాక ఇక్కడ ఊరిన నీరు వారాలపాటు ఉంటుంది. చిన్న సబ్‌మెర్సిబుల్ మోటారుతో తోడించడం తప్ప దారి లేదు. లిఫ్టు గుంతలోకి దిగేది లిఫ్టు మెకానిక్ మాత్రమే, వాచ్‌మన్‌ను దింపకండి. ఇంకుడు గుంతలో నీరు నాలుగు రోజులకు కూడా ఇంకలేదంటే అది పూడుకుపోయినట్టు. పైన ఇసుక, కంకర తీసి కడిగి మళ్ళీ వేయించాలి.

అన్నట్టు, సెల్లారు పక్క గదిలో కాపురముండేది వాచ్‌మన్ కుటుంబం. అందరికంటే ముందు దోమకాటు తినేది వాళ్ళ పిల్లలే. అసోసియేషన్ డబ్బుతో ఆ గది కిటికీకి మెష్ కొట్టించి రెండు దోమతెరలు కొనివ్వండి. దయ కోసం అనుకోనక్కర్లేదు, ఆ గదిలో ఒకరికి డెంగీ వస్తే పైన అయిదో అంతస్తు దాకా ముప్పే.

వీధిలో

కట్టుబడి జరిగే చోటు ఏ కాలనీకైనా పెద్ద సమస్య. స్లాబు వేశాక దాని మీద మడులు కట్టి నీళ్ళు నిలబెడతారు, క్యూరింగ్‌కు అది అవసరమే. మేస్త్రీతో తగువు పెట్టుకోకుండా ఒకటి అడగండి: వారం తిరగకుండా ఒకసారి నీళ్ళు వదిలేసి, పూర్తిగా ఆరనిచ్చి, మళ్ళీ పెట్టమనండి. లేదా తడిపిన గోనెసంచులు పరవమనండి. డ్రమ్ములకు మూతలు, సెల్లారు కోసం తవ్విన గుంతకు మోటారు బిల్డరు బాధ్యత. మాటతో వినకపోతే ఫొటోతో మున్సిపాలిటీకి ఫిర్యాదు.

పంచరు షాపులో ట్యూబు ముంచే తొట్టి నీళ్ళు రోజూ మార్చాలి, పాత టైర్లు వాన తగలని చోట పెట్టాలి. కొబ్బరి బోండాల బండివాడు చిప్పల్ని కొట్టి, గోనెల్లో నింపి పంపేలా చూడాలి. ఖాళీ ప్లాటు యజమాని అమెరికాలో ఉన్నా సరే, వాట్సాప్‌లో దొరుకుతాడు.

నాలా మీద మనం చేయగలిగింది తక్కువ. అందులో చెత్త వేయకుండా చూడటం, పూడిక తీయమనీ గుర్రపుడెక్క తొలగించమనీ అడగడం. మున్సిపల్ కార్పొరేషన్‌లో దీనికి ఎంటమాలజీ (కీటకాల) విభాగం ఉంటుంది. ఫిర్యాదు చేసేటప్పుడు "దోమలు ఎక్కువగా ఉన్నాయి" అని రాస్తే బండి వచ్చి పొగ పెట్టి పోతుంది. "ఫలానా చోట నీళ్ళలో లార్వా ఉంది, యాంటీ లార్వల్ పని చేయండి" అని రాసి ఫొటో, లొకేషన్ పెట్టండి. మా కాలనీ ఫిర్యాదుల్లో పని జరిగినవన్నీ ఇలా రాసినవే. సిబ్బంది పంపుతో చల్లేది సాధారణంగా టెమిఫాస్ మందు, లేదా లార్వాను మాత్రమే చంపే బీటీఐ. మోతాదు వాళ్ళకు తెలుసు, మీరు కొని వాడుక నీళ్ళలో పోయకండి. ఇళ్ళు చూడ్డానికి వచ్చిన కార్మికులను గేటు దగ్గరే ఆపేసే అపార్ట్‌మెంట్ల వాళ్ళే, మళ్ళీ సిబ్బంది పని చేయరని తిట్టడం నేను చూస్తూనే ఉన్నాను.

వాడకంలో లేని బావులు, ఫౌంటెన్లు ఉంటే గంబూసియా లేదా గప్పీ చేపలు వేయొచ్చు, లార్వాను తినేస్తాయి. గంబూసియాను చెరువుల్లోకి మాత్రం వదలకండి, అక్కడి స్థానిక చేపలకు చేటు.

పొగబండి గురించి

ఫాగింగ్ గాల్లో ఎగురుతున్న పెద్ద దోమల్ని మాత్రమే చంపుతుంది, అదీ పొగ తగిలినంతసేపు. గుడ్లకూ లార్వాలకూ ఏమీ కాదు. పైగా ఏడిస్ ఎక్కువగా బయట ఉండదు. మంచం కింద, బీరువా వెనక, వేలాడదీసిన బట్టల మాటున ఇంట్లో నక్కి ఉంటుంది, మనమేమో పొగ రాగానే కిటికీలు మూస్తాం. డెంగీ కేసు వచ్చిన ఇంటి చుట్టూ, ఇళ్ళ లోపల కూడా మందు కొట్టడానికి అర్థముంది. నెలకోసారి వీధి మొత్తం పొగ పెట్టడం వల్ల పని జరిగినట్టు కనబడుతుంది, అంతే. నాయకులకు అది నచ్చడానికీ కారణం అదే అనుకుంటాను.

ఒంటికి కాపలా

కిటికీ మెష్ రంధ్రం 1.2 మిల్లీమీటర్లు మించకూడదు. అంచుల దగ్గర వెల్‌క్రో ఊడిన చోటే దోమ దూరుతుంది, మధ్యలో కాదు. దోమతెర రాత్రికే అనుకుంటాం. పసిపిల్లలు, గర్భిణులు పగలు పడుకున్నా తెర వేయాలి. బడికి వెళ్ళే పిల్లలకు వానాకాలమంతా పూర్తి చేతుల చొక్కా, ప్యాంటు వేయండి. ఒంటికి రాసుకునేవాటిలో డీట్, పికారిడిన్ ఉన్నవి బాగా పనిచేస్తాయి. రెండు నెలలు నిండని పసికందులకు డీట్ రాయకూడదు.

వేపనూనె, కర్పూరం కాసేపు మాత్రమే పనిచేస్తాయి. అల్ట్రాసోనిక్ యంత్రాలు శుద్ధ దండగ. మూసిన గదిలో కాయిల్ పొగ పీల్చడం ఊపిరితిత్తులకు మంచిది కాదు. ఇంకా జాగ్రత్తగా ఉండాల్సింది పేరూ ఊరూ లేని దోమల అగరబత్తీలతో. డబ్బా మీద సెంట్రల్ ఇన్సెక్టిసైడ్స్ బోర్డు రిజిస్ట్రేషన్ నంబరు లేకపోతే కొనకండి, లోపల ఏ మందు ఎంత కలిపారో ఎవరికీ తెలియదు. ఫ్యాను ఫుల్‌లో పెట్టుకుని పడుకోవడం ఖర్చులేని ఉపాయం, గాలి జోరుకు దోమ నిలదొక్కుకోలేదు.

జ్వరం వస్తే

వానాకాలంలో జ్వరం రెండో రోజుకు కూడా తగ్గకపోతే పరీక్ష చేయించండి. హైదరాబాద్‌లో అయితే దగ్గర్లోని బస్తీ దవాఖానా ఉంది, పెద్దవాళ్ళు కోరంటి దవాఖానా అని పిలిచే నల్లకుంట ఫీవర్ ఆసుపత్రి ఉంది. ఆంధ్రలో పట్టణ ఆరోగ్య కేంద్రానికి వెళ్ళొచ్చు. డెంగీకి మొదటి అయిదు రోజుల్లో ఎన్‌ఎస్1 పరీక్ష, ఆ తర్వాత ఐజీఎం. మలేరియాకు రక్తపు స్మియర్ గానీ ర్యాపిడ్ కార్డు గానీ. కీళ్ళు పట్టేసి మంచం దిగలేకపోతే చికున్‌గున్యా అనుమానించాలి. 2005, 2006 సంవత్సరాల్లో ఇది అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఇళ్ళకు ఇళ్ళను మంచాన పడేసింది, చాలామందికి ఆ నొప్పులు ఇంకా గుర్తుండే ఉంటాయి.

డెంగీ కాదని తేలేదాకా జ్వరానికి పారాసిటమాల్ ఒక్కటే, డాక్టరు చెప్పిన మోతాదులో. ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ వేయకూడదు, రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. మందుల షాపులో ఒళ్ళునొప్పులకని ఇచ్చే బిళ్ళల్లో ఇవే ఉంటాయి, పేరు అడిగి చూసుకోండి. ఓఆర్‌ఎస్, మజ్జిగ, కొబ్బరి నీళ్ళు, జావ కొద్దికొద్దిగా తాగిస్తూ ఉండాలి. ఆరు గంటలకొకసారైనా మూత్రం రావాలి.

అందరూ పొరపడేది ఒక చోట. జ్వరం దిగగానే గండం గడిచిందనుకుంటారు. డెంగీలో అసలు ప్రమాదం మూడో రోజు నుంచి ఏడో రోజు మధ్య, జ్వరం దిగే సమయంలోనే మొదలవుతుంది. కడుపులో తీవ్రమైన నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళ నుంచో ముక్కు నుంచో రక్తం, నల్లని విరేచనం, చల్లబడిన చేతులూ కాళ్ళూ, మగతగానో చిరాగ్గానో ఉండటం, ఆయాసం. వీటిలో ఏ ఒక్కటి కనబడినా ప్లేట్‌లెట్లు ఎన్ని ఉన్నాయని చూడకుండా 108కి ఫోన్ చేయండి. ఇళ్ళలో ప్లేట్‌లెట్ల లెక్క మీదే ధ్యాసంతా ఉంటుంది. రక్తస్రావం లేనప్పుడు సాధారణంగా 10,000 కిందికి పడితే తప్ప ఎక్కించాల్సిన పని రాదు. రక్తం చిక్కబడుతోందా అని చెప్పే పీసీవీ అంకె, బీపీ, మూత్రం, ఈ మూడింటినే డాక్టర్లు ముఖ్యంగా గమనిస్తారు. బొప్పాయి ఆకు రసం తాగిస్తే తాగించండి గానీ దాన్ని నమ్ముకుని ఆసుపత్రి మానకండి.

మలేరియా వైవాక్స్ రకం అయితే కాలేయంలో దాగిన క్రిమికోసం 14 రోజుల మందు ఇస్తారు. మూడో రోజుకే జ్వరం పోతుంది, బిళ్ళలు అక్కడితో ఆపేస్తే నెలలకు మళ్ళీ తిరగబెడుతుంది.

వీధిలో ఒకరికి డెంగీ వచ్చిందని తెలిసిన రోజు

జ్వరం మొదలైన అయిదు రోజుల దాకా రోగి రక్తంలో వైరస్ ఉంటుంది. అప్పుడు కుట్టిన ఏడిస్ దోమ 8 నుంచి 12 రోజుల్లో దాన్ని ఇంకొకరికి అంటించడానికి తయారవుతుంది. అంటే మీ చేతిలో కొద్ది రోజుల గడువే ఉంది. ఆ రోగిని పగలూ రాత్రీ దోమతెరలో పడుకోబెట్టాలి. ఇది ఆయన కోసం కాదు, మిగతా ఇంటివాళ్ళ కోసం. అదే రోజు ఆ ఇంట్లో, అటూ ఇటూ నాలుగేసి ఇళ్ళలో, ఎదురు వరసలో ముందు పిల్లల్నీ తినే వస్తువుల్నీ బయట పెట్టి, గదిగదికీ దోమల మందు కొట్టండి, తర్వాత అరగంట గది మూసి ఉంచండి. నలుగురు కలిసి టార్చీలు పట్టుకుని ఆ చుట్టుపక్కల 50 ఇళ్ళ డాబాలు, డ్రమ్ములు, సంపులు చూడండి. ఆడవాళ్ళు ఒకరైనా జట్టులో ఉంటే ఇంట్లోకి రానిస్తారు. ఆరోగ్య కేంద్రానికి సమాచారమివ్వండి, డెంగీ కేసు తెలియజేయాల్సిన జాబితాలో ఉన్నదే. మర్నాడు ఆ ఇళ్ళలో ఇంకెవరికైనా జ్వరం ఉందేమో అడిగి రాసుకోండి, వారం తర్వాత మళ్ళీ వెళ్ళి అవే డ్రమ్ములు చూడండి.